తరగతి బ్లాగు: పదమూడేళ్లు వాడాక చెబుతున్న మాట

నేను తెలుగు పంతుల్ని. 2012లో చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉన్నప్పుడు తొమ్మిదో తరగతికని ఒక బ్లాగు తెరిచాను. 2017 బదిలీల్లో చంద్రగిరి వైపు వచ్చాక రెండోది. ఎనిమిదేళ్లు నిండి 2025లో మళ్లీ మూటాముల్లే సర్దుకున్నాను కాబట్టి ఇప్పుడు నడుస్తున్నది మూడోది. మధ్యలో ఒక ఏడాది దాన్ని ముట్టుకోలేదు, ఎందుకో తర్వాత చెబుతాను. ట్రైనింగుల్లో కలిసే కుర్ర మాస్టర్లు "ఇప్పుడు బ్లాగేంది సార్, వాట్సాప్ ఉంది గదా" అంటుంటారు. వాళ్లన్నది సగం నిజమే. ఆ సగం ముందు తేల్చేస్తాను.

కబురు చేరవేయడానికి బ్లాగు దండగ. మొదటి రెండేళ్లు పరీక్షల టైంటేబుల్, తల్లిదండ్రుల సమావేశం తేదీ, సెలవుల సంగతి అన్నీ అందులోనే పెట్టాను. చూసిన తండ్రి ఒక్కరే. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చునే లెక్కల సారు, ఆయన కూతురు మా బళ్లోనే చదివేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, ఇంటింటికీ డేటా చేరాక ఆ ముచ్చటా తీరింది. 2020 మార్చిలో బళ్లు మూసేసినప్పుడు పాఠాల నోట్సు బ్లాగులో పెట్టి, లింకు గ్రూపులో పంపాను. ఒకాయన ఫోన్ చేసి, "సార్, దాన్ని నొక్కితే యాడికో పోతా ఉంది. మీరే వాయిస్ పెట్టేయండి సార్" అన్నాడు. పెట్టేశాను. ఇప్పటికీ నోటీసులకు వాట్సాపే. పాఠాల నోట్సుకు కూడా బ్లాగు వద్దనే అంటాను. నేను టైపు చేసింది పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. నల్లబల్ల మీద రాసినా చేసేది అదే.

మరి పదమూడేళ్లు ఎందుకు పట్టుకుని వేలాడానంటే, ఒక పిల్లవాడి మామిడికాయల వల్ల.

మా వైపు తోతాపురిని బెంగుళూరు కాయ అంటారు. జూన్ 12న బడి తెరుస్తాం, కాయ కోతలు సరిగ్గా అప్పుడే. 2013లో, బడి తెరిచిన మొదటి వారం రెండు రోజులు ఎగ్గొట్టిన ఒకణ్ని, "సరే, మామిడి గురించే రాయి" అన్నాను. రాశాడు. మామిడి మన జాతీయ ఫలం, పండ్లలో రారాజు, ఇందులో విటమిన్లు మెండు. అక్షరం తప్పు లేదు. ప్రాణమూ లేదు. బ్లాగులో పెట్టాం. మూడో రోజు బెంగుళూరులో పనిచేసుకునే మా మండలం మనిషెవరో కింద ఇలా అడిగాడు: "ఇదంతా పుస్తకంలో ఉండేదే గదా అబ్బోడా. ఈసారి మీ నాయన కాయలు యాడికి తోలినాడు, ర్యాంపుకా, ఫ్యాక్టరీకా? ఎన్ని దినాలు నిలబడినాడు?" ర్యాంపంటే మా వైపు వ్యాపారులు కాయలు కొనే చోటు, ఫ్యాక్టరీ అంటే గుజ్జు తీసేది.

వాడు కంప్యూటర్ ముందు నిలబడి దాన్ని రెండుసార్లు చదివాడు. ఏమీ అనలేదు. సోమవారం నేను అడక్కుండానే రెండు పేజీలు రాసుకొచ్చాడు. ట్రాక్టరులో నాలుగు టన్నుల కాయ. ఫ్యాక్టరీ గేటు ముందర వరస. నాయన ట్రాక్టరు కిందే గోనెపట్ట పరుచుకుని రెండు రాత్రులు పడుకున్నాడు, వీడు సంగటి క్యారియర్ తీసుకుని పోయినాడు. అడుగు కాయలు ఎండకు మెత్తబడి రసం కారి, చక్రం దగ్గర ఈగలు ముసిరినాయి. మూడో రోజు తూకం వేసినప్పుడు మెత్తవన్నీ పక్కన పారేసి మిగతావాటికే లెక్క కట్టినారు. ఆ పేజీల్లో నేను దిద్దినవి రెండే ఒత్తులు. "పోయినాను", "ముసిరినాయి" అలాగే ఉంచాను.

అంతకు ముందు పదేళ్లుగా పిల్లల నోటుబుక్కుల్లో ఎర్ర సిరాతో "సొంతంగా రాయి" అని రాస్తూనే ఉన్నాను. ఒక్కడూ రాయలేదు. ఎందుకు రాస్తాడు? వాడు ఏం రాసినా చదివేది నేను, మార్కులు వేసేది నేను. మామిడి గురించి నాకు తెలియనిది వాడు చెప్పేదేముంది అని వాడి లెక్క. బెంగుళూరు మనిషికి మాత్రం నిజంగానే తెలుసుకోవాలని ఉంది. పిల్లలు ఆ తేడాను ఇట్టే పసిగడతారు. తరగతి బ్లాగుకు నేను మార్కులు వేసేది ఈ ఒక్క పనికే.

ఆ మనిషి మాకు దొరకడం అదృష్టమని తర్వాత తెలిసింది. అప్పట్లో కూడలి లాంటి సైట్లలో తెలుగు బ్లాగులన్నీ ఒకేచోట కనబడేవి, దారినపోయేవాళ్లు మా వాకిట్లోకి తొంగిచూసేవారు. తర్వాత ఆ జనమంతా ఫేస్‌బుక్కుకు తరలిపోయారు. 2018 నాటికి మా పోస్టులు చదివేది మేమే. అందుకని పాఠకుల్ని నేనే కూడగట్టాను. పాత విద్యార్థులు, చెన్నైలో ఉండే ఊరివాళ్లు, రిటైరైన ఒక పోస్టుమాస్టరు, అంతా కలిపి పదిమంది లోపే. వాళ్లకు పెట్టిన షరతు ఒకటే: "బాగుంది", "సూపర్" అనకూడదు, ఏదో ఒకటి అడగాలి. ఈ పని చేయకుండా బ్లాగు తెరిస్తే మూణ్నెల్లలో దుమ్ము పడుతుంది.

టైపింగు గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. మొదటి బళ్లో ఎనిమిది కంప్యూటర్లు, పనిచేసేవి నాలుగు, కరెంటు దాని ఇష్టం. లేఖిని అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుందని సంబరపడి నేర్పబోయాను. తెలుగు మీడియం పిల్లలు తెలుగు రాయడానికి ఇంగ్లీషు స్పెల్లింగు వెతుక్కోవాల్సి వచ్చింది. "ళ"కు ఏ అక్షరం, "ణ"కు ఏ అక్షరం అని తన్నుకున్నారు. ఇన్‌స్క్రిప్టుకు, అంటే మన భాషల కోసం చేసిన కీబోర్డు అమరికకు, మారాను. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడి చేతి వైపు హల్లులు. మన వర్ణమాల తెలిసినవాడికి అది మూడు వారాల పని. ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్లలే అందులో ముందున్నారు, అది చూడటానికి భలే ఉండేది. ఊళ్లో డీటీపీ షాపులో 'అను' అనే ఫాంటుల్లో కొట్టించుకొచ్చినవి మాత్రం బ్లాగులో అతికిస్తే గజిబిజి గుర్తులే మిగిలేవి. ఇప్పటి పిల్లలు ఫోన్లో చెబితే అదే రాసుకుంటోంది. సుఖమే. కానీ మా యాస దానికి ఎక్కదు. "చెనక్కాయలు" అని ఒకమ్మాయి చెబితే "చిన్న కాయలు" అని పడింది. చూసుకోకుండా పంపింది. పోస్టుమాస్టరు గారు ఏ చిన్న కాయలమ్మా అని అడిగారు.

నడిపే పద్ధతి మొదట్లో రోజుకొకటి పెట్టాలన్నంత ఉత్సాహంతో మొదలై చివరికి వారానికి రెండు పోస్టులకు కుదురుకుంది. ముందు కాగితం మీద రాయాలి, తరగతిలో పైకి చదవాలి, ఆ తర్వాతే టైపింగు. నలభై మంది తరగతిలో ఒక్కొక్కరి వంతు ఏడాదికి ఒకటో రెండో సార్లు వస్తుంది. అది తక్కువే, ఒప్పుకుంటాను. నాకు వారానికి మూడు గంటలు ఇంట్లో పడుతుంది. మా బ్లాగులు నడిచే బ్లాగర్ 1999లో మొదలై 2003లో గూగుల్ చేతికి వచ్చిన పాత సరుకు, ఉచితం, ఇన్నేళ్లూ మేం పైసా కట్టలేదు. ఖర్చంతా మనిషిదే.

ఇప్పుడు ఆ ముట్టుకోని ఏడాది సంగతి. వ్యాఖ్యలు నేను చూశాకే బయటికి కనబడేలా పెట్టుకునే వీలుంది. అది తెలిసీ బద్ధకించాను. ఒక ఆదివారం సాయంత్రం ఎవరో పేరు లేకుండా వచ్చి, ఒకమ్మాయి పోస్టు కింద కులం పేరుతో ఒక మాట రాసిపోయారు. నేను చూసి తీసేలోపు ఆ అమ్మాయి వాళ్ల మామ ఫోన్లో చదివేసింది. సోమవారం బడికి వచ్చింది గానీ ఆ ఏడాది మళ్లీ ఒక్క వాక్యం రాసి ఇవ్వలేదు. నేనూ బలవంతపెట్టలేదు. బ్లాగు మూసిపెట్టి, ఆ ఏడాది గోడపత్రికతో సరిపెట్టాను. మళ్లీ తెరిచినప్పుడు ఆహ్వానించినవాళ్లకే కనబడేలా పెట్టి చూశాను. లాగిన్ కావాలనేసరికి ఒక్కరూ రాలేదు. కాబట్టి అందరికీ తెరిచే ఉంచుతాను, వ్యాఖ్య మాత్రం నా చేతి మీదుగానే వెళ్తుంది.

రెండో దెబ్బ 2021లో తగిలింది. మొదటి బడి పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. "సార్, నేను తొమ్మిదిలో మా నాయన అప్పుల గురించి రాసినాను గదా, అది తీసేయండి సార్. పెళ్లి చూపులకు వచ్చినోళ్లు పేరు కొట్టి చూసినారు." అది నేను ప్రార్థనలో చదివించి చప్పట్లు కొట్టించిన వ్యాసం. అప్పట్లో పూర్తి పేరు, ఫొటో, ఊరు అన్నీ పెట్టేవాణ్ని, అదేదో గౌరవమనుకుని. ఆ రాత్రే కూర్చుని పాత పోస్టులన్నిట్లో పేర్లు మార్చాను, పొద్దుపోయింది. ఇప్పుడు పేరులో మొదటి అక్షరం, తరగతి, అంతే. ఇంటి డబ్బు, జబ్బు, గొడవలు రాస్తే నోటుబుక్కులోనే ఆపుతాను. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా చెబుతోంది. ప్రతి జూన్‌లో తెలుగులో ఒక పేజీ కాగితం ఇంటికి పంపి సంతకమో వేలిముద్రో తీసుకుంటున్నాను. ఒక అవ్వ మాత్రం, "అయివోరా, ఇది యాడన్నా పొలం కాగితమా?" అని రెండు రోజులు తిప్పింది.

బాగా పండిన సంగతి ఒకటుంది. తిరుపతి గంగజాతర, అంటే జనం రకరకాల వేషాలు వేసుకుని మొక్కు తీర్చుకునే గంగమ్మ జాతర, మేలో, సెలవుల్లో వస్తుంది. జూన్‌లో వేషాలు వేసిన పిల్లలు ఎవరో ఒకరు దాని గురించి రాస్తారు. 2018 నుంచీ అవన్నీ ఒకే లేబుల్ కింద ఉన్నాయి. ఒక ఏడాది తోటి వేషానికి కుంకుమ పూసుకున్నామని ఒకడు రాస్తే, పాత పోస్టు తీసి చూపించి "కుంకుమ బండ వేషానికిరా, తోటికి బొగ్గు" అని ఇంకొకడు తగులుకున్నాడు. ఇద్దరూ ఇళ్లలో తాతల్ని అడిగొచ్చారు. బొగ్గే గెలిచింది. అన్న రాసింది తమ్ముడు వెతికి చదవడం వాట్సాప్ గ్రూపులో జరగదు, అక్కడ నిన్నటిదే గుడ్ మార్నింగుల కింద కనబడదు.

పోతే, బదిలీ. 2017లో వచ్చేసినప్పుడు మొదటి బ్లాగు నా సొంత మెయిల్ మీద ఉండిపోయింది. నా తర్వాత వచ్చినవారికి అప్పగించే దారి తోచక అలాగే వదిలేశాను. ఆ బళ్లో పిల్లలకు అదొకటి ఉందని కూడా ఇప్పుడు తెలియదు. రెండోదానికి బడి పేరున వేరే మెయిల్ తీశాను. 2025లో వచ్చేముందు పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, హెచ్‌ఎం గారి బీరువాలో స్టాకు రిజిస్టర్ల పక్కన ఉంచి వచ్చాను. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం కొత్తగా వచ్చిన తెలుగు మేడమ్ ఫోన్ చేశారు.

"సార్, కవరు దొరికింది. ఇందులో మూడో అక్షరం ఓ నా, సున్నానా?"

"సున్నా మేడమ్."

"ఒక్క నిమిషం ఉండండి," అన్నారావిడ. వెనకాల ఎవరో పిల్లవాడు "వచ్చేసింది, వచ్చేసింది" అంటున్నాడు.