చెక్‌లిస్టా, పక్క ట్యాబా?

పిల్లలకు వెబ్‌సైట్లను అనుమానించడం నేర్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి చెక్‌లిస్టు: రాసిందెవరు, తేదీ ఉందా, అడ్రస్ చివర డాట్ ఆర్గ్ ఉందా అని టిక్కులు పెట్టించడం. రెండోది, ఆ పేజీని అలా వదిలేసి, పక్క ట్యాబ్‌లో దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికించడం.

చెక్‌లిస్టు టీచరుకు సుఖం. బోర్డు మీద రాసేయొచ్చు, మార్కులూ వేయొచ్చు. కానీ డాట్ ఆర్గ్ డబ్బు కట్టిన ఎవరికైనా వస్తుంది. పేజీని ముస్తాబు చేయడం మోసగాడికి ఒకరు నేర్పాలా?

మన నల్గొండ ఫ్లోరైడ్ సంగతే చూడండి. "ఈ బిందెలో మరిగిస్తే ఫ్లోరైడ్ మాయం" అని, తెల్లకోటు డాక్టరు ఫొటోతో ఒక పేజీ ఉందనుకుందాం. కింద 'కొనండి' బటన్. చెక్‌లిస్టులో అన్నిటికీ టిక్కు పడిపోతుంది. పక్క ట్యాబ్‌లో వెతికితే, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని, నీరు ఆవిరైన కొద్దీ గాఢత ఇంకా పెరుగుతుందని తెలుస్తుంది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన 'నల్గొండ టెక్నిక్' కూడా ఎదురవుతుంది. ఊరి పేరు చూడగానే పిల్లలకు హుషారొస్తుంది, క్లాసు దానంతటదే నడుస్తుంది.

2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించిందీ ఇదే: చరిత్ర ప్రొఫెసర్లు కూడా పేజీలోనే ఉండి బోల్తాపడితే, ఫ్యాక్ట్ చెకర్లు పక్క ట్యాబ్‌లతో చకచకా తేల్చేశారు.

నా ఓటు రెండోదానికే. నెట్ లేదంటారా? ఫలితాల స్క్రీన్‌షాట్ ప్రింట్ తీసి, 'స్పాన్సర్డ్' అని ఉన్నవి, అంటే డబ్బిచ్చి పెట్టించిన ప్రకటనలు, కొట్టేయించి, ముందు ఏది నొక్కుతారో, ఎందుకో అడగండి.