'బ్రోకెన్ ఎంపైర్' సెట్ సగం ధరకే కనిపిస్తే ఆగండి

మార్క్ లారెన్స్ 'బ్రోకెన్ ఎంపైర్' ఫాంటసీ నవలలు మూడూ సగం ధరకే ఇస్తామని ఎవరైనా ఆన్‌లైన్‌లో పెడితే తొందరపడి ఆర్డర్ పెట్టకండి. నాకు వచ్చినవి పైరేటెడ్ కాపీలు. అట్ట నిగనిగలాడుతోంది, లోపలంతా జిరాక్స్ తీసినట్టు మసక అచ్చు.

ఏ పుస్తకానికైనా ఇది అన్యాయమే, ఈ సిరీస్‌కి మరీనూ. మన నాగరికత కాలిపోయిన వెయ్యేళ్లకి, ముక్కలైన సామ్రాజ్యం కోసం రాజ్యాలన్నీ కొట్టుకు చచ్చే కథ ఇది. రెండో భాగం 'కింగ్ ఆఫ్ థార్న్స్'లో కథానాయకుడు జోర్గ్ పెళ్లి రోజే శత్రుసైన్యం కోట మీదికి వస్తుంది. ఒక అధ్యాయం అక్కడ నడుస్తుంటే ఇంకోటి నాలుగేళ్లు వెనక్కి వెళ్తుంది, మధ్యమధ్యలో కేథరిన్ అనే అమ్మాయి డైరీ. పైగా జోర్గ్ జ్ఞాపకాల్లో కొన్ని ఒక రాగి పెట్టెలో బంధించి ఉంటాయి, అతనికే గుర్తుండవు. ఇలాంటి పుస్తకంలో పేజీలు ఎగిరిపోతే ఎలా తెలుస్తుంది? రచయితే కావాలని దాచాడనుకుని చదువుకుంటూ పోతాం! నా కాపీలో ఒక ఫారం (కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట) రెండుసార్లు పడింది, తర్వాతి ఫారం అసలు లేదు. పేజీ నంబర్లు చూస్తేగానీ బయటపడలేదు.

మ్యాప్ సంగతి చెప్తే ఏడుపొస్తుంది. ఆ తీరరేఖని కాస్త జాగ్రత్తగా చూస్తే సముద్రం ముంచేసిన మన యూరప్ కనిపిస్తుంది. ఈ కథలో దొరికే గొప్ప ఆనందాల్లో అదొకటి. నాకు దొరికింది నల్లటి మరక.

మూడోది ఇంకా ఘోరం. 'ఎంపరర్ ఆఫ్ థార్న్స్' (2013) ఉండాల్సిన చోట 'ప్రిన్స్ ఆఫ్ ఫూల్స్' (2014) పెట్టారు. అదే రచయిత, అదే లోకం, కానీ వేరే సిరీస్‌లో మొదటి పుస్తకం. జోర్గ్ కథ ముగింపు అందులో ఉండదు. లిస్టింగ్‌లో మూడు పేర్లూ విడివిడిగా చదవండి: 'ప్రిన్స్', 'కింగ్', 'ఎంపరర్', మూడింటికీ చివర 'థార్న్స్' ఉండాలి.

సీల్ తీశారు కాబట్టి రిటర్న్ కుదరదన్నాడు అమ్మినవాడు. సీల్ తీయకుండా లోపల పేజీలు ఎలా చూస్తామండీ? 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. మీరు పార్సిల్ విప్పేటప్పుడు తప్పకుండా వీడియో తీసుకోండి. వెనకట్ట మీది ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు), లోపలి కాపీరైట్ పేజీలోది ఒకటేనా చూడండి.

కొత్తవి కొనే బడ్జెట్ లేకపోతే హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి. అక్కడా పైరేటెడ్ ఉంటాయి, కానీ డబ్బులిచ్చే ముందు ప్రతి పేజీ తిప్పి చూసుకోవచ్చు.