వైజాగ్ తీరంలో తాబేళ్ల హ్యాచరీ: పిల్లలకి చూపించడమే కాదు, పని కూడా చెప్తారు (4.5/5)

ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా పిల్లలతో వైజాగ్ వస్తే కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం తర్వాత చూసుకోవచ్చు, ముందు తెల్లవారుజామున లేపి ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే చోటుకి తీసుకెళ్లండి. మేం వెళ్లిన హ్యాచరీ పేరు కావాలనే రాయట్లేదు, అక్కడ ఇప్పటికే జనం ఎక్కువ.

హ్యాచరీ అంటే పెద్దగా ఏమీ ఉండదు. ఇసుకలో చుట్టూ వల కట్టిన ఆవరణ, లోపల వరసగా గుంతలు, ఒక్కోదాని దగ్గర పుల్లకి కట్టిన చీటీ మీద గుడ్లు పెట్టిన తేదీ. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఒకేసారి వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది, అలా వదిలేస్తే కుక్కలు తవ్వి తినేస్తాయి. అందుకే కాపలా కుర్రాళ్లు రాత్రంతా తీరం వెంట తిరిగి ఆ గుడ్లు తెచ్చి ఇక్కడ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయని చెప్తే మా బాబు నమ్మలేదు గానీ అది నిజమే.

నాకు బాగా నచ్చింది పిల్లలకి పని చెప్పడం. వదిలే ముందు నీళ్ల దాకా ఉన్న అడుగుజాడలు, పీత బొరియలు చేతులతో పూడ్చమన్నారు, ఎందుకంటే అరచేతిలో ఇమిడిపోయే ఆ తాబేలు పిల్ల మన కాలిగుర్తులో పడినా పైకి రాలేక కాకి నోట పడొచ్చు. ప్లాస్టిక్ కవర్లు, తెగిన వల ముక్కలు ఏరించారు. మా అమ్మాయి ఒక నైలాన్ దారం పట్టుకుని లాగితే వస్తూనే ఉంది, ఇంకో ఇద్దరు చెయ్యి వేస్తే గానీ మొత్తం బయటికి రాలేదు. తర్వాత తాబేలు పిల్లలున్న బుట్ట వంచారు. ఒకటి అలకి వెనక్కి దొర్లి, రెక్కలు కొట్టుకుని, మళ్లీ నీళ్ల వైపే తిరిగింది. ఎత్తి నీళ్లలో పెట్టేస్తామని పిల్లల ఆత్రం. పెట్టకూడదన్నారు, పెద్దయ్యాక ఆడ తాబేళ్లు పుట్టిన తీరం వైపే గుడ్లు పెట్టడానికి తిరిగొస్తాయట, ఆ తీరం గుర్తుండాలంటే ఆ కాస్త దూరం వాటినే నడవనివ్వాలట.

సగం మార్కు తగ్గించింది చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ల వల్ల. ఈ తాబేలు పిల్లలు వెలుతురుని బట్టి సముద్రాన్ని పోల్చుకుంటాయి, ఫ్లాష్ వద్దని ముందే చెప్పినా ఒకాయన వేశాడు, రెండు అటు తిరిగిపోయాయి. కాపలా కుర్రాడు మొహమాటపడుతుంటే ఒక పాప "అంకుల్, లైట్ ఆపండి" అని గట్టిగా చెప్పింది. ఆపేశాడు.

దారిలో చచ్చిపడున్న పెద్ద తాబేలు కనిపిస్తే పిల్లల కళ్లు మూయకండి. ట్రాలర్ (వల ఈడ్చుకుంటూ చేపలు పట్టే మరపడవ) వలలో ఇరుక్కుంటే ఊపిరి పీల్చుకోడానికి పైకి రాలేక చనిపోతాయని చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది.

గుడ్లు ఏ రోజు పగులుతాయో ముందే చెప్పలేరు కాబట్టి ముందురోజు అటవీశాఖ వాళ్లని కనుక్కుని బయల్దేరండి. చెత్త ఏరడానికి గోనెసంచి ఒకటి పట్టుకెళ్లండి.