ఇంటికి వచ్చే అటెండెంటు సేవ: పద్దెనిమిది నెలల అనుభవం

మా నాన్నగారు కథారచయిత, పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేసినవారు, వయసు 74. పార్కిన్సన్స్ వ్యాధి ముదిరి ఒంటరిగా ఉండలేని స్థితి వచ్చాక, హైదరాబాదులో ఇళ్లకు అటెండెంట్లను పంపే ఒక సంస్థను ఆశ్రయించాం. మేము నెలకు 27,000 రూపాయలు కడితే అందులో అటెండెంటు చేతికి వెళ్లేది 17,000 మాత్రమేనని తరవాత తెలిసింది. సంస్థతో పేచీ ఇంకా తెగలేదు కనుక దాని పేరు చెప్పను.

మొదట వచ్చిన ఇద్దరి గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. మూడో మనిషిగా కోనసీమ నుంచి వచ్చిన ఆవిడకు 58 ఏళ్లు, భర్త పోయి చాలా కాలమైంది. ఈ వ్యాధికి ఇచ్చే లెవోడోపా మాత్ర భోజనానికి అరగంట ముందు వెయ్యాలనీ, పప్పూ పెరుగూ దానితో కలిస్తే మందు సరిగా ఒంటపట్టదనీ డాక్టరు చెప్పినా మేము పట్టించుకోలేదు. ఆవిడ మాత్రల వేళలను గోడ కాలెండరు మీద రాసి, మందు బాగా పనిచేసే ఆ రెండు మూడు గంటలనూ కనిపెట్టి, వాటిని ఆయన కథలు చెప్పుకునే సమయంగా మార్చారు. గుమ్మం దగ్గర నాన్నగారి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. ఆవిడ గడప ఇవతల సుద్దతో అడ్డగీతలు గీసి, "గీత దాటండి మాస్టారూ" అనేవారు. గీత కనబడితే ఆయన కాలు లేచేది. ఇది సంస్థ శిక్షణలో నేర్పినదేనట, ఆ మేరకు సంస్థకు పూర్తి మార్కులు.

ఈ వ్యాధిలో చేతిరాత కూడా చిన్నదైపోతుంది. నాన్నగారి అక్షరాలు ఆవగింజలంత అయ్యాక, ఆయన చెబుతుంటే ఆవిడ రాయడం మొదలుపెట్టారు. ఒకసారి కథలో భర్త పోయిన స్త్రీ మాట్లాడిన మాట విని, "ఇలా ఎవరూ అనరండీ" అని కలం ఆపేశారట. ఆయన రెండు రోజులు అలిగి, ఆ పేజీ కొట్టేసి మళ్లీ చెప్పారు. నేను గమనించింది మాత్రం పిలుపును: మొదట్లో నాన్నగారు ఆవిడను "ఏమ్మా" అనేవారు, ఏ నెలలోనో అది "ఏమండీ" అయింది.

తనిఖీకి వచ్చిన పర్యవేక్షకుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేయడం చూసి, "హద్దు మీరిన చనువు" అని రాసుకుపోయాడు. మర్నాడే మాకు మాటైనా చెప్పకుండా మనిషిని మార్చారు. ఇందులో సంస్థను పూర్తిగా తప్పుపట్టలేను. మంచాన పడ్డవారి చేత సంతకాలు పెట్టించుకునేవాళ్లూ ఉంటారు, పని కోసం వచ్చిన ఆడమనిషిని లోకువ చేసే ముసలివాళ్లూ ఉంటారు. (నిజానికి మొదటి అనుమానం నాదే, పాసుపుస్తకం తెచ్చి నా బీరువాలో దాచాను.) అయితే ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఒక్క మాట అడగవలసింది, అది చెయ్యలేదు. కొత్త మనిషి ఉన్న పదకొండు రోజుల్లో నాన్నగారు రెండుసార్లు పడ్డారు, ఒక్క వాక్యమూ చెప్పలేదు.

ఆవిడ ఉద్యోగం మానేసి తిరిగి వచ్చారు. ఆవిడ క్రైస్తవులు కనుక, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, 30 రోజులు ఆగి, రిజిస్ట్రారు ఎదుట పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు సాక్షుల్లో నేనొకదాన్ని. తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న పింఛను గురించి. విరమణ తరవాత చేసుకున్న భార్యకూ కుటుంబ పింఛను హక్కు ఉందని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది.

పెళ్లయిన పది రోజులకు సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. తమ అటెండెంటును ఏడాదిలోపు నేరుగా నియమించుకున్నందుకు ఒప్పందం ప్రకారం రెండు నెలల రుసుము కట్టాలట. నాన్నగారు చెప్పగా ఆవిడే జవాబు రాశారు: "జీతమెంతో ఆవిడ ఇంకా తేల్చలేదు, తేలగానే తెలియజేస్తాను." మా డిపాజిట్టు 15,000 అప్పటినుంచి వాళ్ల దగ్గరే ఉంది.

రాత్రిళ్లు నాలుగుసార్లు లేచి ఆయన్ను పక్కకు తిప్పడం ఇప్పుడు ఆవిడ నడుముకూ కష్టమవుతోంది. శిక్షణ బాగుంటుందని, రాత్రి షిఫ్టుకు మళ్లీ ఆ సంస్థనే అడిగాను. పాత లెక్క తేలాక పంపుతామని, అయితే ఈసారి మగమనిషినే పంపుతామని చెప్పారు.