గోడో 4: కదిలే మోడల్‌ను గమ్యం వైపు తిప్పే పనిలో ఎలా ఉంది?

త్రీడీ గేమ్‌లో ఒక ఆటోను స్టాండు నుంచి స్టేషను దాకా నడిపించడం సులువే గానీ, అది వెళ్తున్న దిక్కుకే ముఖం పెట్టి వెళ్లేలా చూడడంలో ఇంజన్ పనితనం తెలుస్తుంది. ఎంఐటీ లైసెన్సుతో ఉచితంగా దొరికే గోడో 4 అనే గేమ్ ఇంజన్‌ను నేను ఈ ఒక్క పని కోసమే శ్రద్ధగా పరీక్షించాను.

ఇందుకు గోడోలో లుక్ అట్ అనే ఫంక్షన్ సిద్ధంగా ఉంది. గమ్యస్థానాన్ని అందిస్తే నోడ్ (గేమ్ దృశ్యంలోని ఒక్కో వస్తువు) అటు తిరుగుతుంది. లెక్క అంతా గ్లోబల్ స్థానాలతో, అంటే మొత్తం గేమ్ ప్రపంచాన్ని బట్టి జరుగుతుంది కనుక, ఆ నోడ్‌ను తన కింద ఉంచుకున్న పేరెంట్ నోడ్ ఎటు తిరిగి ఉన్నా ఫలితం మారదు. అయితే తొలిసారి వాడేవారికి ఆటో వెనక్కి నడుస్తున్నట్టు కనిపించవచ్చు. గోడోలో ముందు వైపు అంటే మైనస్ జెడ్ అక్షం కాగా, త్రీడీ మోడళ్లను భద్రపరిచే జీఎల్‌టీఎఫ్ ఫార్మాట్ నియమం ప్రకారం మోడల్ ముఖం ప్లస్ జెడ్ వైపు ఉండడమే దీనికి కారణం. 2023లో వచ్చిన 4.1 వెర్షన్ ఈ ఫంక్షన్‌కు యూజ్ మోడల్ ఫ్రంట్ అనే మూడో ఆర్గ్యుమెంట్‌ను (ఫంక్షన్‌కు అందించే విలువను) చేర్చింది. దానికి ట్రూ ఇస్తే చాలు, మోడల్‌ను మరో నోడ్ కింద పెట్టి 180 డిగ్రీలు తిప్పి ఉంచే పాత అవస్థ తప్పుతుంది. ఈ చేర్పు నాకు ఎంతో నచ్చింది.

గమ్యం ఎత్తులో ఉంటే ఆటో ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. గమ్యం ఎత్తును తెలిపే వై విలువ స్థానంలో మోడల్ వై విలువనే పెట్టి పంపితే అది నేలమీదే ఉంటుంది. మోడల్ గమ్యాన్ని చేరి రెండు స్థానాలూ ఒకటైనప్పుడు చూడవలసిన దిక్కంటూ మిగలదు కనుక ఫంక్షన్ ఎర్రర్ చూపుతుంది. అందుకే ఇంకా దూరం ఉందని నిర్ధారించుకున్నాకే దాన్ని పిలవాలి.

నాకు కొరతగా తోచినది ఒక్కటే: లుక్ అట్ మోడల్‌ను ఒక్క ఫ్రేమ్‌లోనే తిప్పేస్తుంది, వాహనానికి అది నప్పదు. నెమ్మదిగా తిప్పాలంటే దిశలోని ఎక్స్, జెడ్ విలువల నుంచి ఏటాన్2 అనే గణిత ఫంక్షన్‌తో కోణం రాబట్టి, రెండు కోణాల మధ్య విలువను ఇచ్చే లెర్ప్ యాంగిల్‌ అనే ఫంక్షన్‌తో కొద్దికొద్దిగా జరపాలి. మామూలు సంఖ్యలకు వాడే లెర్ప్ 350 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు 340 డిగ్రీలు చుట్టి వస్తే, లెర్ప్ యాంగిల్ దగ్గరి దారిలో 20 డిగ్రీలే తిరుగుతుంది. 4.1 తర్వాత వచ్చిన రొటేట్ టువర్డ్ అనే ఫంక్షన్ ఇంతకన్నా మేలు; తిరిగే వేగాన్ని డెల్టాతో (గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో) గుణించి ఇస్తే, ఫ్రేమ్ రేటు ఎంతున్నా మలుపు ఒకే వేగంతో సాగుతుంది. కాకపోతే రొటేషన్ విలువ పేరెంట్‌కు సాపేక్షమైనది కాబట్టి, పేరెంట్ తిరిగి ఉన్నప్పుడు ఆ తేడాను లెక్కలో సరిచేసుకోవాలి.

దారిలో గోడలు ఉన్నప్పుడు, వాటిని తప్పించి దారి వెతికిపెట్టే నావిగేషన్ ఏజెంట్ అనే నోడ్ అక్కరకు వస్తుంది. అక్కడ నేను మొదట చేసిన పొరపాటు చివరి గమ్యం వైపే ముఖం తిప్పడం. ఆటో గోడను చూస్తూ పక్కకు జారుతూ పోయింది. ఏజెంట్ ఇచ్చే తర్వాతి మజిలీ స్థానం వైపు తిప్పాక, అదే ఆటో ప్రతి సందు మూలనూ చక్కగా మళ్లుతూ స్టేషను చేరింది.