ఫోటోగ్రఫీలో డిగ్రీ: పన్నెండేళ్ళు వాడాక

ఫోన్ కొని నెల తిరక్కుండానే రివ్యూ రాసేవాళ్ళున్నారు. నేను 2009లో చేరి 2013లో బయటపడ్డ నాలుగేళ్ళ బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) ఫోటోగ్రఫీ కోర్సు గురించి ఇప్పుడు రాస్తున్నాను. మొదటి ఐదారేళ్ళు ఆ చదువు నాకు అన్నం పెట్టలేదు. ఆ తర్వాత నుంచి ఇంటి అద్దె దానిమీదే కడుతున్నాను. ఈ రెండు మాటలూ నిజమే కాబట్టి, పిల్లల్ని చేర్పించాలా వద్దా అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నాను.

కాలేజీ పేరు రాయను. మన రెండు రాష్ట్రాల్లోదీ కాదు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఈ కోర్సు ఉంది, దానికి ఫాడీ అని ప్రవేశ పరీక్ష ఉంటుంది. నాకు అక్కడ సీటు దొరక్క బయటి రాష్ట్రం వెళ్ళాను. ఫీజు, హాస్టలు, కెమెరా, రెండు లెన్సులు, ప్రింట్ల ఖర్చు కలుపుకుంటే నాలుగేళ్ళకి 6 లక్షలు దాటింది. "ఆ డబ్బుతో తెనాల్లో స్టూడియోనే పెట్టించేవాణ్ణి కదరా" అని మా మేనమామ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే అంటాడు.

మొదటి ఏడాది కెమెరా ముట్టుకోనివ్వలేదు. పెన్సిలు, రంగులు, బంకమట్టి. రెండో ఏడాది డార్క్‌రూమ్, అంటే ఫిల్మ్ కడిగి ప్రింట్లు తీసే చీకటి గది. ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం, డెవలపర్, 20 డిగ్రీల దగ్గర ఉండాలి, మాకు ఏప్రిల్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళే 30 దాటేవి. వేడెక్కిన డెవలపర్‌లో అదే టైం ఉంచితే నెగటివ్ నల్లగా మాడిపోయినట్టు వస్తుంది. అందుకని జ్యూస్ బండి దగ్గర ఐసు ముక్కలు కొనుక్కొచ్చి, బకెట్లో వేసి, మధ్యలో సీసాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఫిల్మ్ ఓపిక నేర్పుతుందని పెద్దవాళ్ళు అంటారు. నాకు ఓపిక నేర్పింది ఫిల్మ్ కాదు, ఇరవై నాలుగు మందికి రెండే ఎన్‌లార్జర్లు (నెగటివ్‌ని పెద్దది చేసి ప్రింటు తీసే యంత్రాలు) ఉన్న ఆ గది బయట క్యూ. మేం మూడో ఏడాదిలో ఉండగా, 2012 జనవరిలో, ఫిల్మ్ తయారుచేసే కొడాక్ కంపెనీ దివాలా రక్షణ కోసం అమెరికాలో కోర్టుకెళ్ళింది. ఆ వారం కూడా మా టైంటేబుల్ మారలేదు.

స్టూడియో మరీ దారుణం. ఉన్నది ఒక్కటి. లైట్లు మంచివే, కానీ తాళం అటెండర్ దగ్గర ఉండేది, ఆయన నాలుగున్నరకి సైకిలెక్కేవాడు. క్లాసులు అయ్యేది నాలుగింటికి. టీ, సమోసా ఇప్పించి ఇంకో గంట ఆపడంలో నేను సిద్ధహస్తుణ్ణి. ఆ గంటల లెక్కే నా అసలు చదువు.

ఆ గంటల్లో చేసింది మూడే మూడు వస్తువులు. తెల్ల కాగితం మీద తెల్ల గుడ్డు. నల్లగుడ్డ మీద నల్ల సీసా. స్టీలు గ్లాసు. గుడ్డు అంచు కాగితంలో కలిసిపోకూడదు, సీసా భుజం చీకట్లో మాయం కాకూడదు. స్టీలు గ్లాసులో కెమెరా కనపడకూడదు, నేను కనపడకూడదు, గదిలో ఉన్న ఫ్యాను కనపడకూడదు. లైటు పెంచితే తగ్గేది కాదు ఆ బాధ. గ్లాసు మీద వెలుగు పడటం వేరు, గ్లాసు దేన్ని అద్దంలా చూపిస్తోందన్నది వేరు. ఏ కోణంలో తగిలిన వెలుగు అదే కోణంలో తిరిగొస్తుంది కాబట్టి, గ్లాసు వైపు కాకుండా గ్లాసు 'చూసే' వైపు తెల్ల అట్ట నిలబెట్టాలి. ఇది పుస్తకంలో నాలుగు లైన్లు. నాకు ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. ఇంటికి ఫోన్ చేసి ఏం చేస్తున్నావంటే గుడ్డు ఫోటో తీస్తున్నానని చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

2013 వేసవిలో పట్టా పుచ్చుకుని విజయవాడ వచ్చి, పెళ్ళిళ్ళు చేసే ఒక స్టూడియోలో చేరాను. ఓనరు పదో తరగతి. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. మొదటి పెళ్ళిలోనే పరువు పోయింది. ముహూర్తం రాత్రి రెండింటికి. హాలు లైట్లు పసుపు, స్టేజీ మీద నీలం గులాబీ లైట్లు, వీడియో వాళ్ళ ఎల్ఈడీ తెలుపు. ఇన్ని రంగుల వెలుగు కలిస్తే ముఖాలు పాడవుతాయని నాకు తెలుసు, సరిచేసుకోవడానికి వెలుగు కొలిచే మీటర్ తీశాను. అంతలో జీలకర్రా బెల్లం పెట్టేశారు, తెర దించారు. బాబాయ్ నన్ను పక్కకి నెట్టి తనే నొక్కాడు. "లైటు తర్వాత దిద్దుకోవచ్చురా, తల మీద చెయ్యి మళ్ళీ పెడతారా?" అన్నాడు. ఆయన ఫోటోలో రంగు ఘోరంగా ఉంది. కానీ చెయ్యి ఉంది.

ఆ ఐదేళ్ళూ కాలేజీలో ఒక్కరూ చెప్పనివే నేర్చుకున్నాను. స్టేజీ ఎక్కిన ఆవిడ పెద్దత్తో, పిన్నో ముందే కనుక్కోవాలి. ఆల్బం ఎంపిక రోజున ఇంట్లోవాళ్ళు ఫోటోలు చూడరు, చుట్టాల్ని లెక్కపెడతారు. అడ్వాన్సు తీసుకోకుండా డేటు ఇవ్వకూడదు, మిగతా డబ్బు రాకుండా ఆల్బం ఇవ్వకూడదు. ఆషాఢానికి, మూఢానికి సరిపడా సొమ్ము మాఘం, ఫాల్గుణాల్లోనే దాచుకోవాలి. నా తోటి అసిస్టెంటు ఇంటర్ తప్పి కెమెరా పట్టిన కుర్రాడు. నాకంటే వేగంగా తీసేవాడు, నాకంటే ముందే సొంత స్టూడియో పెట్టాడు. అప్పుడు ఈ రివ్యూ రాసి ఉంటే ఐదుకి ఒక్క స్టార్ ఇచ్చి ఊరుకునేవాణ్ణి.

2018లో ఒక చీరల కొట్టాయన పిలిచారు. ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు, నెమలికంఠం రంగు పట్టుచీరలు తిరిగొచ్చేస్తున్నాయి. ఫోటోలో ఉత్త నీలంగా ఉంది, ఇంటికొస్తే పచ్చగా మెరుస్తోందని కొన్నవాళ్ళ గొడవ. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు అప్పటికే చేతులెత్తేశారు. నేను చీర కొంగు పట్టుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాను. నిలువు దారం పడుగు ఒక రంగు, అడ్డదారం పేక ఒక రంగు. ఎదురుగా లైటు పెడితే ఒక దారమే మాట్లాడుతుంది. గుర్తొచ్చింది స్టీలు గ్లాసు. లైటుని పక్కకి దించి, చీరని కాస్త మడతలుగా జారవిడిచి, రెండు రంగులూ ఒకే ఫ్రేములో దొరికేదాకా తిప్పాను. మొదటి ఫ్రేములో రంగు సరిపోల్చుకోవడానికి గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) పెట్టాను, ఇంటికెళ్ళి రంగులు సరిగ్గా చూపించేలా కేలిబ్రేట్ చేసిన మానిటర్ మీద రంగు దిద్దాను. సాయంత్రానికి పదకొండు చీరలే అయ్యాయి. కొట్టాయన మొహం మాడ్చుకున్నారు. నెల తర్వాత ఆయనే ఫోన్ చేసి, ఇంకో రెండొందలు ఉన్నాయి రమ్మన్నారు.

అక్కణ్ణుంచి ఇత్తడి సామాను, ఆ పైన నగలు. మెరిసేదేదైనా నా దగ్గరికే వస్తుంది. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలోనే బట్టల కొట్లకి తగ్గింపు అమ్మకాలు, శ్రావణం సరుకు దిగేదీ అప్పుడే. కాబట్టి నా ఖాళీ నెల నిండిపోయింది. 2020లో పెళ్ళికి యాభై మందికి మించకూడదన్నప్పుడు, లాక్‌డౌన్ సడలించాక నా టేబుల్ మీద చీరలున్నాయి.

చదువుతో పనేముంది, రాజా దీన్‌దయాళ్ ఏ కాలేజీలో చదివాడు అని అడిగే మిత్రులున్నారు. నిజమే, ఆయన రూర్కీలో చదివింది ఇంజనీరింగు, కెమెరా సొంతంగా పట్టుకున్నాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. మీకూ ఓ నిజాం దొరికితే కాలేజీ అక్కర్లేదు.

కోర్సులో క్షమించలేని లోటు ఒకటుంది. ఎనిమిది సెమిస్టర్లలో బిల్లు రాయడం, ఒప్పందం రాసుకోవడం మీద ఒక్క గంట లేదు. నేను తీసిన పెళ్ళి ఫోటోని ఓ ఫంక్షన్ హాలు వాళ్ళు రోడ్డు మీద ఫ్లెక్సీ వేసుకున్నారు. నా ఫోటో అని దెబ్బలాటకి వెళ్ళబోయాను. లాయరు స్నేహితుడు ఆపి 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూపించాడు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. అడగాల్సిన హక్కు పెళ్ళికూతురి నాన్నగారిది, ఆయనేమో ఫ్లెక్సీ చూసి మురిసిపోతున్నారు. ఆ రోజు నుంచి ఒక పేజీ ఒప్పందం లేనిదే కెమెరా బ్యాగు తెరవట్లేదు. జీఎస్టీ సంగతీ అంతే, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ అని ఆడిటర్ చెప్తే తెలిసింది.

ఎవరికి పనికొస్తుందంటే: వస్తువులు, ఆహారం, ప్రకటనలు, ఇంటీరియర్లు తీయాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. కాలేజీలో పాఠాలు చెప్పాలనుకుంటే డిగ్రీ, ఆపైన పీజీ తప్పదు. పెళ్ళిళ్ళే చేయాలనుకుంటే నాలుగేళ్ళు దండగ, మంచి స్టూడియోలో రెండు మాఘమాసాలు పనిచేస్తే చాలు. అప్పు చేసి మాత్రం చేరొద్దు. నా మొదటి జీతం నెలకి 9 వేలు, దాంతో ఏ వాయిదా కట్టగలను?

మా పక్కింటి అమ్మాయి ఈ ఏడు చేరదామనుకుంటోంది. కాలేజీ చూడ్డానికి వెళ్తున్నారంటే వాళ్ళ నాన్నకి చెప్పాను: అన్నయ్యా, గోడల మీద ఉన్న ఫోటోలు చూడొద్దు, అవి ఎప్పుడో ఎవరో తీసినవి. ఒక లైటుకి ఎంతమంది పిల్లలో లెక్కపెట్టండి. సాయంత్రం ఆరు తర్వాత స్టూడియో తాళం ఎవరి దగ్గరుంటుందో అటెండర్‌ని అడగండి, ప్రిన్సిపాల్‌ని కాదు.