నలభై దాటాక చెస్: లీచెస్ ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

చెస్ నేర్చుకుందామనుకునే పెద్దవాళ్లు ముందు అడిగేది ‘ఏ యాప్ బాగుంటుంది?’ అనే. లాక్‌డౌన్ రోజుల్లో పట్టుకుని ఇప్పటికీ దాదాపు రోజూ తెరుస్తున్నది లీచెస్ కాబట్టి నా జవాబు అదే. కాకపోతే ఒక షరతు ఉంది. నేర్చుకోవడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి కానీ, ఏది ముందు ఏది తర్వాత అని చెప్పే నాథుడు లేడు. ఆ వరస మనమే వేసుకోవాలి. లేకపోతే వేల ఆటలు ఆడినా ఎక్కడ మొదలయ్యామో అక్కడే ఉంటాం.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. థిబో డ్యూప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టిన సైటు ఇది. లాభాపేక్ష లేని సంస్థగా విరాళాల మీద నడుస్తోంది. ప్రకటనలు లేవు, ప్రీమియం ప్లాన్ లేదు. విరాళం ఇస్తే పేరు పక్కన చిన్న రెక్కల గుర్తు వస్తుంది, అంతే. మిగతావన్నీ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ ఒకటే. ఫ్రీ అంటే ఎక్కడో మెలిక ఉంటుందని వెతకడం మనకి అలవాటు. నేనూ వెతికాను, దొరకలేదు.

పావులు ఎలా కదులుతాయో తెలియనివాళ్లకి ‘లెర్న్’ విభాగం ఉంది. బోర్డు మీద అక్కడక్కడా నక్షత్రాలు పెట్టి, ఏనుగుతోనో గుర్రంతోనో వాటిని తక్కువ ఎత్తుల్లో ఏరమంటుంది. పిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ గుర్రం నడక చేతికి అలవాటవ్వాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. అది అవ్వగానే అందరూ మనుషులతో ఆటలకి పరిగెడతారు. అక్కడే ఆగమంటాను.

దాని తర్వాత చేయాల్సింది ‘ప్రాక్టీస్’లో ఉన్న ఆటకట్టు పాఠాలు. మంత్రి, రాజు మన దగ్గరుండి, ఎదుటివాడికి ఒంటరి రాజు మిగిలితే ఆట ముగించడం వచ్చి తీరాలి. కొత్తవాళ్లు చెక్ మీద చెక్ చెబుతూ బోర్డంతా తిరుగుతారు. అంత అవసరం లేదు. మంత్రిని ఎప్పుడూ ఆ రాజుకి గుర్రం ఎత్తు దూరంలో పెడుతూ, రాజు ఎటు జరిగితే మంత్రిని అటే జరుపుతూ పోతే, ఒక్క చెక్ కూడా చెప్పకుండా రాజు మూలకి చేరతాడు. మెలిక సరిగ్గా అక్కడుంది. రాజు ఎ8 మూలలో (నిలువు వరసకి అక్షరం, అడ్డ వరసకి అంకె, అదే గడి పేరు) ఉన్నప్పుడు మంత్రిని అదే అలవాటులో బి6లో పెట్టామా, రాజుకి చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు. అది స్టేల్‌మేట్, అంటే డ్రా. రాజు మూలకి వెళ్లగానే మంత్రిని ఇంకో అడుగు దగ్గరికి జరపకుండా, మన రాజుని తీసుకురావాలి. అంతే పాఠం. ఇది రానివాళ్లు మంత్రి ఎక్కువ ఉండి కూడా సగం పాయింటు పోగొట్టుకుంటారు.

ఇక ఆటలు. కొత్త ఖాతాకి లీచెస్ 1500 రేటింగ్‌తో మొదలుపెడుతుంది, పక్కన ప్రశ్నార్థకంతో. అసలు స్థాయి తెలిసేదాకా ఆ అంకె దబదబా పడుతుంది. కొత్తవాళ్లకి టెన్షన్ అంతా దీంతోనే. పైగా ఈ అంకెని ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్‌తో పోల్చి చూసుకోవడం ఒకటి. ఫిడే 2024 మార్చి నుంచి తన కనీస రేటింగ్‌నే 1400 చేసింది. రెండిటి కొలబద్దలూ వేరు, పోల్చి లాభం లేదు. సెట్టింగ్స్‌లో రేటింగ్ కనపడకుండా దాచే వీలుంది. మొదటి ఏడాది దాచేయండి. చాట్ కూడా ఆపేయండి. ఓడినవాడి మాటలు చదివి మనకి వచ్చేదేం లేదు.

హోమ్ పేజీలో టైమ్ కంట్రోళ్లు గళ్లగళ్లుగా ఉంటాయి. పై వరసల్లో ఒక నిమిషం, మూడు నిమిషాల ఆటలు. వేలు అటే పోతుంది. నాకు ఈ సైటు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే: బ్లిట్జ్, అంటే ఈ కొద్ది నిమిషాల ఆట, మరీ చేతికందేలా ఉంది. మూడు నిమిషాల్లో ఆలోచన ఉండదు, అలవాటే ఆడుతుంది, ఆ అలవాటు చెడ్డదైతే అదే ముదురుతుంది. కిందికి దిగి 15+10 నొక్కండి. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ప్రతి ఎత్తుకీ పది సెకన్లు అదనం. ప్రత్యర్థి దొరకడానికి కాస్త ఆలస్యమవుతుంది, అయినా సరే.

కింది స్థాయిలో తరచూ ఎదురయ్యేది నాలుగెత్తుల ఆటకట్టు. తెల్లవాడు బంటుని ఇ4కి తోస్తాడు, మనం మన బంటుని ఇ5కి. వాడు బిషప్‌ని సి4కి తెస్తాడు, మనం గుర్రాన్ని సి6కి. వెంటనే వాడి మంత్రి హెచ్5లో దిగుతుంది. బిషప్, మంత్రి రెండూ చూస్తున్నది ఎఫ్7 గడినే, దానికి కాపలా మన రాజొక్కడే. ఇక్కడ చాలామంది మంత్రిని బెదిరించాలని రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తారు. మంత్రి దాన్ని పట్టించుకోకుండా ఎఫ్7 బంటుని కొట్టి ఆట కట్టేస్తుంది. ముందు బంటుని జి6కి తోయాలి. మంత్రి వెనక్కి తగ్గి ఎఫ్3 నుంచి మళ్లీ ఎఫ్7 మీదే కన్నేస్తుంది. అప్పుడు గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే దారి మూసుకుపోతుంది. ఒక ఎత్తు ముందు కొంప ముంచిన గుర్రమే ఒక ఎత్తు తర్వాత కాపాడుతుంది. ఓపెనింగ్స్ (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరసలు) బట్టీ పట్టడం కన్నా ఇలాంటిది ఒక్కటి అర్థమైతే చాలు. ఒకచోట ఆన్‌లైన్ క్లాసుకి ఫీజు కట్టి చేరితే మొదటి నెలంతా సిసిలియన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో పన్నెండో ఎత్తు దాకా పీడీఎఫ్‌లు పంపారు. నాతో ఆడేవాళ్లు మూడో ఎత్తుకే పుస్తకం వదిలేస్తుంటే పన్నెండోది ఎవరికి?

అన్నిటికన్నా నేను ఎక్కువ వాడింది పజిల్స్. నిజంగా జనం ఆడిన ఆటల్లోంచి తీసినవి లక్షల్లో ఉన్నాయి, రోజుకి ఇన్నే అనే లెక్క లేదు. అన్నీ కలిపి ఇచ్చేదాంట్లోకి వెంటనే పోవద్దు. ‘థీమ్స్’లోకి వెళ్లి ఒక్క ఎత్తులో ఆటకట్టు, తర్వాత కాపలా లేని పావు, తర్వాత ఫోర్క్ (ఒకే పావుతో ఒకేసారి రెండిటి మీద దాడి), పిన్ (కదిలితే వెనకున్న పెద్ద పావు పోయేలా కట్టేయడం) వరసగా చేయండి. తప్పయినవి పజిల్ డాష్‌బోర్డులో విడిగా దొరుకుతాయి, మళ్లీ చేయొచ్చు. పజిల్ స్టార్మ్ అని మూడు నిమిషాల పరుగు పందెం కూడా ఉంది, సరదాకి బాగుంటుంది. పజిల్స్‌తో ఒక చిక్కు: ఇక్కడ ఏదో ఉందని ముందే తెలుసు కాబట్టి వెతుకుతాం. ఆటలో ఆ గంట ఎవరూ కొట్టరు. అందుకే పజిల్స్‌లో మన స్థాయి, ఆటలో మన స్థాయి చాలాకాలం కలవవు. కంగారు పడక్కర్లేదు.

ఆట అయ్యాక కంప్యూటర్ విశ్లేషణ ఉంటుంది, అదీ ఉచితమే. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) మీ ఎత్తుల పక్కన ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ పోతుంది. మంచి ఎత్తేదో చూపిస్తుంది కానీ ఎందుకు మంచిదో చెప్పదు, ఏ ఇంజినూ చెప్పదు. అందుకని బటన్ నొక్కేముందు ఆటని ఒకసారి సొంతంగా వెనక్కి తిప్పి, ఎక్కడ చెడిందనుకుంటున్నామో అనుకోవాలి. తర్వాత రెండు ప్రశ్నార్థకాలు పడ్డ ఎత్తులు మాత్రమే చూడాలి. ఒక్క ప్రశ్నార్థకం పడ్డవి మన స్థాయికి ఇంకా దూరం. ‘మీ తప్పుల నుంచి నేర్చుకోండి’ అనే అర్థమొచ్చే బటన్ ఒకటుంటుంది. అది ఆ తప్పు చేసిన చోటికే తీసుకెళ్లి మంచి ఎత్తు మనల్నే కనిపెట్టమంటుంది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

ఫోన్ మీద నేర్చిన కన్ను చెక్క బోర్డు మీద తడబడుతుంది. అమృత్‌సర్ కార్ఖానాల చెక్క పావులే అక్కర్లేదు, చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డు, ప్లాస్టిక్ పావులు చాలు. పెద్ద టోర్నీల ఆటలు ‘బ్రాడ్‌కాస్ట్స్’లో వస్తుంటాయి. మన తెలుగు గ్రాండ్‌మాస్టర్లు హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ ఆడినవి ఆ బోర్డు మీద పెట్టుకుని ఇంజిన్ ఆపి చూస్తాను. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, చివరి రౌండులో నల్ల పావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఇరీన్ సుకందర్‌ని ఓడించి. ఆ ఆట సగంలో ఆపి, తర్వాతి ఎత్తు ఏమై ఉంటుందో కాగితం మీద రాసుకుని చూడండి.

పిల్లలకి ఖాతా తెరిచేవాళ్లు సెట్టింగ్స్‌లో ‘కిడ్ మోడ్’ ఆన్ చేయండి, బయటివాళ్ల మెసేజ్‌లు రావు. ఆరేడేళ్ల లోపు పిల్లలైతే మాత్రం ఫోన్ పక్కన పెట్టి మీరే ఎదురుగా కూర్చుని ఆడటం మేలు.